వాల్యుయేషన్ ఇంజినీర్ జీతంతో హైదరాబాదులో ఇల్లు గడుస్తుందా? రెండు ఆఫర్లున్నాయి, లెక్క తేల్చండి

సివిల్_ఉప్పల్

అందరికీ నమస్కారం. సివిల్ బీటెక్, బిల్డర్ దగ్గర సైటులో మూడేళ్ల అనుభవం. వాల్యుయేషన్ వైపు, అంటే లోనుకు తాకట్టు పెట్టే ఇళ్లు, ప్లాట్లు చూసొచ్చి విలువ కట్టే పనిలో, రెండు ఆఫర్లున్నాయి.

మొదటిది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో టెక్నికల్ ఆఫీసర్. సీటీసీ (కంపెనీకి నా మీద అయ్యే మొత్తం ఖర్చు) ఏడాదికి 4.2 లక్షలు, అందులో పది శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చేది). ఏరియా మియాపూర్ నుంచి సంగారెడ్డి దాకా. బండికి కిలోమీటరుకు 4 రూపాయలు, నెలకు 6,000 మించకుండా.

రెండోది వాల్యుయేషన్ ఏజెన్సీ. నెలకు 20,000. నెలలో 80 విజిట్లు దాటాక ఒక్కోదానికి 100. కిలోమీటరుకు 3 రూపాయలు. ఏరియా ఉప్పల్, ఎల్బీనగర్, ఘట్‌కేసర్. పీఎఫ్ లేదు.

ఇల్లు ఉప్పల్‌లో, అద్దె 12,000. ఇంట్లో ఇద్దరం, సంపాదన ఒక్కటే. ఏది మేలు? ఈ లైన్లో ఉంటే ఎంతదాకా పెరుగుతుంది?

లెక్కలపద్దు

ముందు సీటీసీని పక్కన పెట్టి చేతికొచ్చేది చూద్దాం. బేసిక్ సగం అనుకుంటున్నాను, ఆఫర్ లెటర్లో వేరేగా ఉంటే మార్చుకోండి.

నెలకు సీటీసీ 35,000. వేరియబుల్ 3,500 ఏడాది చివర్న ఇస్తారు, తీసేయండి. కంపెనీ వైపు పీఎఫ్ 15,000 సీలింగు మీద 12 శాతం, అంటే 1,800. గ్రాట్యుటీ బేసిక్ 17,500 మీద 4.81 శాతం, 842. ఇన్సూరెన్స్ ఓ 500 వేసుకోండి. మిగిలింది 28,358. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 (తెలంగాణలో నెల జీతం 20,000 దాటితే ఇంతే) పోతే బ్యాంకులో పడేది 26,358. ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు.

ఏజెన్సీలో నెలకు 125 విజిట్లు అనుకుంటే 20,000 మీద 45 విజిట్లకు 4,500. ప్రొఫెషనల్ ట్యాక్స్ పోను 24,300.

ఇక బండి. 110 సీసీ స్కూటర్ ఊళ్లో 45 ఇస్తుంది. పెట్రోలు లీటరు 107.50 వేసుకుంటే కిలోమీటరుకు 2.39. టైర్లు, ఇంజినాయిలు, బ్రేక్ షూలు, సర్వీసింగు కలిపి 90 పైసలు. అంటే 3.29. రోజుకు 70 కిలోమీటర్లు, 25 రోజులు తిరిగితే నెలకు 1,750 కిలోమీటర్లు, 5,757 రూపాయలు.

మొదటి కంపెనీ 6,000 దాకా ఇస్తుంది కాబట్టి విజిట్ల ఖర్చు తీరిపోయి 243 మిగులుతుంది. కానీ ఉప్పల్ నుంచి మియాపూర్ ఒకవైపే 30 కిలోమీటర్ల దాకా ఉంది. ఇంటి నుంచి మొదటి సైటుకు, చివరి సైటు నుంచి ఇంటికి మామూలుగా ఎవరూ ఇవ్వరు. రోజుకు 60 చొప్పున 1,500 కిలోమీటర్లు, 4,935 రూపాయలు జేబులోంచి. మిగిలేది 21,666.

ఏజెన్సీ మూడు రూపాయలు ఇస్తానన్నా అది మ్యాపులో సైటు నుంచి సైటుకు చూపించే దూరానికే. బండి మీటరులో 1,750 తిరిగితే బిల్లులో 1,350 దాటదు. వచ్చేది 4,050, పోయేది 5,757. తేడా 1,707. మిగిలేది 22,593.

ఉప్పల్‌లోనే ఉంటే చిన్న జీతం ఆఫరే 900 ఎక్కువ మిగులుస్తోంది. అదే బీరంగూడ వైపు మారితే మొదటి ఆఫరులో 26,600 చేతిలో ఉంటుంది, పైన పీఎఫ్, ఏడాదికి 42,000 వేరియబుల్. అంటే ఇక్కడ తేల్చుకోవాల్సింది ఇల్లు ఎక్కడన్నది.

వేరియబుల్ చెల్లించే తేదీకి ముందే రాజీనామా పెడితే అది రాదు. ఆ క్లాజు చదవండి.

ఫీల్డ్‌రాజా

అన్న చెప్పిన లెక్క కరెక్టే గానీ, 125 విజిట్లు అని కాయితం మీద రాసుడు ఈజీ. కస్టమర్ తాళం తియ్యడు, కిరాయిదారు లోపలికి రానియ్యడు, లొకేషన్ అని ఒక పిన్ పంపుతడు, ప్లాటు ఇంకో కాలనీల ఉంటది. ఐదు అప్పజెప్తే నాలుగు అయినయంటే మంచిరోజే. కాన్సిలైన విజిటుకు పైసలిస్తరా ఇయ్యరా, అది అడుగు ముందు. శానా ఏజెన్సీలు రిపోర్టు బ్యాంకుకు పోయినంకనే విజిట్ లెక్కల వేస్తరు.

నెలజీతం లేకుండ ఉత్త విజిటుకింత అని పనిచేసేటోళ్లు శానా మంది ఉన్నరు. సిటీల సాధారణంగా 150 నుంచి 300. ఔటర్ రింగ్‌రోడ్ అవతల షాద్‌నగర్, భువనగిరి, సంగారెడ్డి అయితే జెర ఎక్కువ. 200 చొప్పున రోజుకు ఐదు, 25 రోజులు చేస్తే 25,000 కనిపిస్తది. బండిఖర్చు తీస్తే 19,000 మీద కొంచెం. ఏడాదిల 50,000 దాటితే టీడీఎస్ కోస్తరు, పది శాతం. అది రిటర్న్ వేస్తెనే వాపస్ వస్తది. ఫామ్ 26 ఏఎస్‌ల (కోసిన పన్ను చూపెట్టే ఇన్‌కమ్ ట్యాక్స్ కాయితం) మన పాన్ మీద పడ్డదా లేదా మూడు నెలలకోసారి చూస్కోవాలె. కోసుకుని కట్టని ఏజెన్సీలు కూడ ఉంటయి.

ఇంకోటి. నౌకరీ సైట్లల అప్రైజర్ అని కొడితే అన్ని గోల్డ్ లోన్‌వే వస్తయి. టెక్నికల్ ఆఫీసర్, వాల్యుయేషన్ ఇంజినీర్, కొలాటరల్ మేనేజర్ అని కొట్టు.

బీరంగూడ_రమ

అటువైపు అద్దెలు అడిగేవాళ్లకు: బీరంగూడ, అమీన్‌పూర్‌లో లిఫ్టున్న అపార్టుమెంటులో రెండు పడకల ఇల్లు 11 నుంచి 15 వేలు. చందానగర్ ఓ రెండువేలు ఎక్కువ. మియాపూర్ మెట్రో నడకలో కావాలంటే 18 పైనే, కొండాపూర్ ముప్పై దాటుతుంది. అడ్వాన్సు రెండు నెలలు, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో ఒక నెలది కోసుకుంటారు. బ్రోకర్ ద్వారా అయితే ఇంకో నెలది.

ఇద్దరికి నెల ఖర్చు పెట్టి చూడండి: అద్దె 12,000, మెయింటెనెన్స్ 1,500, బియ్యం సరుకులు పాలు 6,500, కూరలు పళ్లు ఆదివారం మాంసం 3,500, కరెంటు 800, గ్యాస్ 600, ఫోన్లు నెట్ 1,200. మొత్తం 26,100. పైన తేల్చిన 26,600లో మిగిలేది ఐదు వందలు. జ్వరమొస్తే అదీ లేదు. సింగిల్ బెడ్‌రూమ్ ఎనిమిది తొమ్మిది వేలకు దొరుకుతుంది, మొదటి ఏడాది దానితో సర్దుకోవడమే నయం.

మెయింటెనెన్స్‌లో నీళ్లు కలిశాయో లేదో అడగండి. ఉచిత నీటి పథకం వర్తించే ఏరియాలో జలమండలి కనెక్షను, మీటరు ఉండి ఆధార్ లింకు చేస్తే నెలకు 20,000 లీటర్లు ఉచితం. కానీ బోరు మీద నడిచే అపార్టుమెంట్లలో మార్చి దాటితే ట్యాంకర్లు మొదలవుతాయి, ఆ బిల్లు ఫ్లాటుకింతని పంచుతారు. చౌక అద్దె కనిపించిన చోట ఇదే దాక్కుని ఉంటుంది.

సివిల్_ఉప్పల్

రమగారూ, లెక్కలపద్దుగారూ, చాలా థాంక్స్. బండి ఉప్పల్‌లో పెట్టి మెట్రోలో మియాపూర్ వెళ్లి, అక్కడ ఇంకో బండి ఉంచుకుంటే?

లెక్కలపద్దు

ఉప్పల్‌లో బ్లూ లైన్ ఎక్కి అమీర్‌పేటలో రెడ్ లైన్ మారాలి. మెట్రోలో పెద్ద టికెట్టు ఒకవైపు 69, మీది దానికి దగ్గర్లోనే ఉంటుంది. రోజుకు 130 చొప్పున 25 రోజులకు 3,250. పార్కింగు విడిగా. 4,935 కన్నా తక్కువే, నడుముకూ మంచిదే. సెకండ్‌హ్యాండ్ బండి పెట్టుబడి, దాని ఇన్సూరెన్సు కలిపితే మొదటి ఏడాది మిగిలేది పెద్దగా ఉండదు. ఆర్టీసీ మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 2025 జూన్‌లో 1,300 నుంచి 1,600 అయింది, అదే చౌక. టైము మాత్రం బస్సు చేతిలో ఉంటుంది.

ఉష_ఆర్కి

మహిళలకైతే మహాలక్ష్మి ఉచిత బస్సు పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఉచితం కాబట్టి ఈ లెక్క మారిపోతుంది. ఆర్కిటెక్చర్, ప్లానింగ్ చదివిన అమ్మాయిలు ఈ ఫీల్డులోకి రావచ్చు, రూల్స్‌లో సివిల్‌తో సమానంగానే చూస్తారు. ఖాళీ ప్లాట్లు, శివారు లేఅవుట్ల విజిట్లకు కస్టమర్ ఒక్కడే వస్తానంటే బ్రాంచి నుంచి సేల్స్ మనిషిని కూడా పంపమనండి. చాలా కంపెనీలు అడిగితే పంపుతాయి, అడగకపోతే పంపవు.

ప్యానెల్‌గది

ఎంతదాకా పెరుగుతుందన్న ప్రశ్నకు జవాబు రిపోర్టు కింద ఎవరి సంతకం ఉంటుందన్న దాంట్లో ఉంది. ఫీల్డ్ ఇంజినీరు కొలుస్తాడు, ఫొటోలు తీస్తాడు, డ్రాఫ్టు కొడతాడు. బ్యాంకు ఫీజు సంతకం చేసిన వాల్యూయర్‌కు వెళ్తుంది. సంతకం లేకుండా ఎన్నేళ్లు తిరిగినా జీతం 30, 35 వేల దగ్గర ఆగిపోవడం మామూలే. ఫైనాన్స్ కంపెనీల్లో ఏరియా టెక్నికల్ మేనేజర్ అయితే 8 నుంచి 12 లక్షల సీటీసీ దాకా చూడొచ్చు, అప్పుడు మీరే ఏజెన్సీల రిపోర్టులు తనిఖీ చేస్తారు. రాయదుర్గం వైపు అంతర్జాతీయ కన్సల్టెన్సీల్లో అనలిస్టుగా చేరినా 5 నుంచి 8 లక్షలుంటుంది. అక్కడ కొలతల కన్నా ఎక్సెల్, లీజు ఆదాయం నుంచి విలువ కట్టే డీసీఎఫ్ పద్ధతి, ఇంగ్లిషు రిపోర్టు రాయడం ముఖ్యం.

సంతకం హక్కుకు రెండు దారులు.

కంపెనీల చట్టం 2013లోని 247వ సెక్షన్ కింద రిజిస్టర్డ్ వాల్యూయర్. అధికారం ఐబీబీఐది (కేంద్ర దివాలా బోర్డు), రూల్స్ 2017 నాటివి. ల్యాండ్ అండ్ బిల్డింగ్ క్లాసుకు సివిల్, ఆర్కిటెక్చర్ లేదా టౌన్ ప్లానింగ్ డిగ్రీ, ఆ తర్వాత ఐదేళ్ల అనుభవం. గుర్తింపు ఉన్న వాల్యూయర్ల సంస్థలో చేరి 50 గంటల కోర్సు పూర్తిచేయాలి. తర్వాత ఆన్‌లైన్ పరీక్ష, 60 శాతం వస్తే పాసు, తప్పు జవాబుకు పావు వంతు మార్కు కోత. పాసైన మూడేళ్లలోపు ఫామ్ ఏ వేయాలి, ఫీజు 5,000. ఆ గడువు దాటితే మళ్లీ పరీక్షే. మీకు మూడేళ్లు ఉన్నాయి కాబట్టి రెండేళ్లు ఆగాలి. ఈలోపు అనుభవ పత్రాలు సరిగ్గా తీసుకోండి: హోదా, తేదీలు, చేసిన పని, లెటర్‌హెడ్ మీద. ఊరికే విజిట్ పేమెంట్ల బ్యాంకు స్టేట్‌మెంటు చూపిస్తే అనుభవం కింద నిలబెట్టుకోవడం కష్టం. అందుకే విజిటుకింత అనే పని మొదట్లో వద్దంటాను.

రెండోది సంపద పన్ను చట్టం 34ఏబీ సెక్షన్ కింద వచ్చేది. ఆ పన్ను 2015లో రద్దయినా ఈ రిజిస్ట్రేషన్ బతికే ఉంది. పదేళ్ల అనుభవం కావాలి. పాత ఇల్లు అమ్మేవాళ్లకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కావాలంటే ఈ రిపోర్టు అడుగుతారు. 2001 నాటి స్టాంపు విలువ దొరికే చోట దానికి మించి వేస్తే చెల్లదు, ఆ మెలిక చాలామంది మర్చిపోతారు.

రిజిస్ట్రేషన్ రాగానే పని రాదు. ప్రతి బ్యాంకు ప్యానెలుకు (ఆ బ్యాంకు ఒప్పుకున్న వాల్యూయర్ల జాబితా) విడిగా దరఖాస్తు, విడిగా అనుభవ నిబంధన. ఏ కేటగిరీలో వేశారన్నదాన్ని బట్టి ఎంత విలువ ఆస్తుల దాకా చేయొచ్చో ఉంటుంది.

లెక్కలపద్దు

సొంత ప్రాక్టీసుకు వెళ్లేవాళ్లు క్యాష్‌ఫ్లో కూడా చూసుకోవాలి. బ్యాంకు ఫీజు వెంటనే రాదు. రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ 18 శాతం, ఇన్వాయిస్ వేసిన నెలకే కట్టాలి, డబ్బు చేతికి రాకపోయినా సరే. చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకుంటే చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు చెల్లించాలన్న నిబంధన మీకు వర్తిస్తుంది. ఆ నంబరు ఇన్వాయిస్ మీద కనిపించేలా వేయండి. గొడవ పడకుండానే కొన్ని బిల్లులు కదులుతాయి.

సివిల్_ఉప్పల్

ప్యానెల్‌గది గారూ, రిపోర్టు వెనక్కి వస్తే రెండోసారి సైటుకు వెళ్లడం ఉచితమే అంటున్నారు. మామూలుగా దేనికి వెనక్కి వస్తాయి?

ప్యానెల్‌గది

ఎక్కువగా ఆస్తి గుర్తింపు దగ్గర. డాక్యుమెంటులో ఉన్న ఇల్లూ, మీరు ఫొటో తీసిన ఇల్లూ ఒకటేనని రుజువు చేయడమే సగం పని. ఇంటి ముందు నిలబడి మూడు చూడండి: కరెంటు మీటరు మీది యూఎస్‌సీ (సర్వీసు కనెక్షన్) నంబరు, ఆస్తిపన్ను రసీదులోని పీటీఐఎన్ (ఆ ఇంటి పన్ను నంబరు), డోర్ నంబరు. యూఎస్‌సీ నంబరుతో బిల్లు తీస్తే పేరు, సర్వీసు చిరునామా వస్తాయి. మూడూ ఒకే యజమానికి కలవాలి. కలవకపోతే అక్కడే రాసుకోండి, ఆఫీసుకొచ్చాక గుర్తుండదు.

తర్వాత నాలుగు హద్దులు. సేల్ డీడ్ షెడ్యూల్‌లో తూర్పున ప్లాటు నంబరు 46 అని ఉంటే, తూర్పు పక్కింటి వాళ్లను అడిగి వాళ్లది 46 అవునో కాదో రాయాలి. ఫోన్ దిక్సూచిని ఇనుప గేటు పక్కన పెడితే తప్పు చూపిస్తుంది, నాలుగడుగులు దూరం జరగండి. ఖాళీ ప్లాట్లలో ఇది ఇంకా ప్రమాదం. రాళ్లు పోయిన లేఅవుట్లో మూల నుంచి ప్లాట్లు లెక్కపెట్టుకుంటూ రావాలి, కస్టమర్ చెయ్యి చూపించిన చోట ఫొటో తీసి రావడం కాదు.

మూడోది విస్తీర్ణం. సేల్ డీడ్‌లో 1,250 చదరపు అడుగులు అంటే అందులో కామన్ ఏరియా కలిసి ఉంటుంది. లోపల లేజరుతో కొలిస్తే 950 వస్తుంది. దాన్ని సూపర్ బిల్టప్ (కామన్ ఏరియా కలిపిన) రేటుతో గుణించినా తప్పే, 1,250ని కార్పెట్ (లోపలి విస్తీర్ణం) రేటుతో గుణించినా తప్పే. ఏ విస్తీర్ణానికి ఏ రేటు అన్నది రిపోర్టులో రాయాలి. గోడ దగ్గర్నుంచి గోడ దాకా లేజరు పెట్టేటప్పుడు కప్‌బోర్డు తలుపు మీద పడితే రెండడుగులు పోతాయి, గదికి రెండు చోట్ల కొలవండి.

నాలుగోది అనుమతి. ప్లాను స్టిల్టు ప్లస్ నాలుగు (కింద పార్కింగు, పైన నాలుగు అంతస్తులు), పైన పెంట్‌హౌస్ రేకులతో కట్టి అమ్మేశారు. పెంట్‌హౌస్‌కు విలువ సున్నా రాయాలి, వ్యాఖ్య మాత్రం తప్పక రాయాలి. ఫ్లాటులో డీవియేషన్ (ప్లానుకూ కట్టినదానికీ తేడా) పది శాతం లోపు ఉంటే కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి, విలువ మాత్రం ప్లానులోని విస్తీర్ణానికే.

గజంనర్సింగ్

చెరువుల సంగతి ఎవరూ ఎత్తలేదు. చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ 2024 జూలైలో వచ్చాక ప్రతి ఫైనాన్స్ కంపెనీ దీని మీదే క్వెరీ వేస్తోంది. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు బఫర్ (కట్టడాలు ఉండకూడని జాగా), అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. నాలా (వరదనీటి కాలువ) పది మీటర్ల వెడల్పు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ మ్యాపులున్నాయి, సర్వే నంబరుతో సరిపోల్చండి. ఎండాకాలం వెళ్తే అక్కడ నీళ్లే కనిపించవు. కంటితో చూసి చెరువు దూరంగా ఉందని రాసినవాళ్లే తర్వాత సంజాయిషీ ఇచ్చుకుంటారు.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి జీవో 111 గ్రామాలు 84. 2022లో ఆ ఆంక్షలు సడలిస్తూ జీవో 69 వచ్చినా అక్కడ రుణం ఇవ్వడానికి చాలా సంస్థలు వెనకాడతాయి. ఫైలు తీసుకోకముందే గ్రామం పేరు చూసుకుంటే పెట్రోలు మిగులుతుంది.

22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులు), వ్యవసాయ భూమికి నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర వాడకానికి మార్పు), గ్రామ పంచాయతీ లేఅవుట్‌కు ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ), ఇవి లీగల్ వాళ్లు చూస్తారని వదిలేయొద్దు. చూశారో లేదో మీ రిపోర్టులో కాలమ్ ఉంటుంది.

సివిల్_ఉప్పల్

విలువ కట్టేటప్పుడు రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ తీసుకుని దానికి కొంత కలిపితే సరిపోదా? ఇంటర్వ్యూలో ఇదే అడిగారు.

గజంనర్సింగ్

సరిపోదు. అది స్టాంపు డ్యూటీ కోసం కట్టిన కనీస విలువ. దాన్ని రిపోర్టులో ఒక గడిలో చూపిస్తారు, అంతే. దానికీ మీరు వేసిన విలువకూ తేడా ఎక్కువుంటే కారణం రాయమంటారు.

ఫ్లాటుకు కాంపోజిట్ పద్ధతి (అన్నీ కలిపి అడుగుకు ఒకే రేటు), ఇండిపెండెంట్ ఇంటికి ల్యాండ్ అండ్ బిల్డింగ్ పద్ధతి (భూమి, కట్టడం విడివిడిగా). ఎందుకో అంకెల్లో చూడండి. ఉదాహరణకే వేస్తున్నా, ఏ కాలనీ రేటూ కాదు. 12 ఏళ్ల ఫ్లాటు, 1,250 అడుగులు, యూడీఎస్ (ఉమ్మడి స్థలంలో ఫ్లాటు వాటా) 45 గజాలు. గజం 70,000 అయితే భూమి 31.5 లక్షలు. కట్టుబడి అడుగుకు 2,000 చొప్పున 25 లక్షలు. ఆర్‌సీసీ ఆయుష్షు 60 ఏళ్లు, చివర్న మిగిలే విలువ పది శాతం అనుకుంటే ఏడాదికి తరుగు 90ని 60తో భాగిస్తే ఒకటిన్నర శాతం. 12 ఏళ్లకు 18 శాతం. కట్టడం 20.5 లక్షలు. మొత్తం 52 లక్షలు. అదే కాలనీలో అలాంటి ఫ్లాట్లు అడుగు 5,500కు అమ్ముడైతే 68.75 లక్షలు. ఆ 16.75 లక్షలు పార్కింగు, లిఫ్టు, సౌకర్యాలు, బిల్డరు లాభం, జనం ఎగబడటం. ఫ్లాటు కొనేవాడు వాటన్నిటికీ కలిపే ఇస్తాడు. కాబట్టి మార్కెట్ విలువ రెండోదే. మొదటి లెక్కలోని కట్టడం ముక్క ఇన్సూరెన్సుకు పనికొస్తుంది, అది కూడా కొత్తగా కట్టే ఖర్చు అడిగితే తరుగు తీయకుండా.

పోలికకు తీసుకునే మూడు అమ్మకాలు నిజంగా అమ్ముడైనవై ఉండాలి. వెబ్‌సైటు ప్రకటన రేటు అడిగే రేటు, దాంట్లోంచి బేరం తగ్గించాలి.

నైట్‌షిఫ్ట్

రాయదుర్గం, గచ్చిబౌలిలో అమెరికా హోమ్‌లోన్ల అప్రైజల్ (ఇంటి విలువ రిపోర్టు) రివ్యూ ఉద్యోగాలు కూడా ఉన్నాయి. 3.5 నుంచి 6 లక్షలు, రాత్రి షిఫ్టు అలవెన్సు, క్యాబు. బండి ఖర్చు సున్నా. సివిల్ డిగ్రీ తప్పనిసరి కాదు.

పని వేరు. అక్కడి అప్రైజర్ పంపిన 1004 ఫామ్‌లో లోపాలు పట్టాలి: బేస్‌మెంటును పైఅంతస్తుల విస్తీర్ణంలో కలిపేశాడా, పోల్చిన ఇళ్లకు వేసిన సర్దుబాట్లు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా, ఫొటోలో గ్యారేజి ఉండి ఫామ్‌లో లేదా. 2026 నవంబర్ 2 నుంచి అక్కడ యూఏడీ 3.6 అనే కొత్త రిపోర్టు పద్ధతి తప్పనిసరి, ఇప్పుడు చేరేవాళ్లు అదే నేర్చుకోవాలి. సంతకం చేసే హక్కు మాత్రం అక్కడి రాష్ట్ర లైసెన్సు ఉన్నవాళ్లకే.

అమెరికాలో ఈ వృత్తి మధ్యస్థ వేతనం 2024 మేలో ఏడాదికి 65,420 డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి ఇక్కడి జీతంతో పోల్చే వీడియోలు చూసి ఎవరూ ఆశపడొద్దు. అక్కడి అద్దె కూడా డాలర్లలోనే.

ప్యానెల్‌గది

ఆ ఉద్యోగం అనుభవం రిజిస్టర్డ్ వాల్యూయర్ అర్హతకు ఎంతవరకు పనికొస్తుందో చేరేముందు వాల్యూయర్ల సంస్థను రాతపూర్వకంగా అడగండి.

ఉష_ఆర్కి

ఒత్తిడి గురించి కూడా తెలిసి ఉండాలి. 30 లక్షల లోపు హోమ్‌లోన్‌కు ఆస్తి విలువలో 90 శాతం దాకా, 75 లక్షల దాకా 80, ఆపైన 75 శాతం మించి ఇవ్వకూడదని ఆర్‌బీఐ నిబంధన. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి తెలంగాణలో ఏడున్నర శాతం, అది మామూలుగా ఆ విలువలోకి రాదు. కస్టమర్ చేతిలో డబ్బు తక్కువైతే సేల్స్ మనిషి మీకు ఫోన్ చేసి ఓ ఐదు లక్షలు పెంచమంటాడు. ఒప్పుకున్నారా, ఆ ఫైలు మొండి బకాయి అయి వేలానికి వచ్చినప్పుడు మళ్లీ వాల్యుయేషన్ చేయిస్తారు. తేడా పెద్దగా ఉంటే మొదటి రిపోర్టు బయటికి తీస్తారు. మోసంలో పాలుపంచుకున్న వాల్యూయర్ల పేర్లు ఐబీఏ (బ్యాంకుల సంఘం) హెచ్చరిక జాబితాలోకి వెళ్తాయి, అది అన్ని బ్యాంకులకూ చేరుతుంది. డ్రాఫ్టు మీరు కొట్టి సంతకం ఇంకొకరు పెట్టినా సైటు విజిట్ చేసినవారి పేరు రిపోర్టులో ఉంటుంది. అలాంటి ఫోన్ వస్తే మెయిలు పెట్టమనండి. ఎవరూ పెట్టరు.

ఫీల్డ్‌రాజా

మేడమ్ చెప్పింది నిజం. ఇంకోటి, కస్టమర్ పెట్రోల్‌కు ఉంచుకో అని 500 చేతుల పెడతడు. తీస్కున్నవంటే కంప్లైంట్ ఒక్కటి చాలు, నౌకరీ పోతది.

సివిల్_ఉప్పల్

మొదటి ఆఫర్ వైపే మొగ్గుతున్నాను. బీరంగూడలో సింగిల్ బెడ్‌రూమ్ చూస్తాను. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఏం అడగాలి?

లెక్కలపద్దు

కిలోమీటర్లు ఎక్కడి నుంచి లెక్క, ఇంటి నుంచా బ్రాంచి నుంచా. 6,000 పరిమితి సంగారెడ్డి కేసులకూ వర్తిస్తుందా. అది వర్తిస్తే కనీసం ఔటర్ అవతలి విజిట్లకు విడి బిల్లు అడగండి. మియాపూర్ నుంచి సంగారెడ్డి వెళ్లొస్తే 80 కిలోమీటర్లు, నెలలో పది కేసులు పడ్డా 800 కిలోమీటర్లు దాంట్లోనే పోతాయి. బండికి ఇన్సూరెన్సులో ఓనర్ డ్రైవర్ ప్రమాద కవరు 15 లక్షలది ఉందో లేదో మీ పాలసీలో చూసుకోండి, కంపెనీ గ్రూప్ పాలసీలో ఫీల్డు డ్యూటీ కలిసిందా అడగండి. నోటీసు పీరియడ్ 90 రోజులుంటే 60కి తగ్గించమనండి.

ప్యానెల్‌గది

హోదా కూడా. లెటర్లో సేల్స్ సపోర్ట్, క్రెడిట్ అసోసియేట్ అని కాకుండా టెక్నికల్ ఆఫీసర్, వాల్యుయేషన్ అని రాయించుకోండి. రెండేళ్ల తర్వాత ఫామ్ ఏకు జతచేసేది ఆ కాగితమే.

బీరంగూడ_రమ

ఇల్లు చూసేటప్పుడు వాచ్‌మన్‌ను అడగండి, పోయిన ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయని. ఓనరును అడిగితే నీళ్ల ఇబ్బందే లేదంటాడు.